పది రోజులు, ఐదు టపాలు

లిల్లెసాన్,
28 జూలై 2021

అన్నయ్యా,

మొన్న ఫోన్ చేసి తప్పు చేశాను. నేను "కరెంటు" అంటే నువ్వు "గొర్రెలు బాగానే ఉన్నాయి" అన్నావు. ముప్ఫై నాలుగేళ్లు ఆ టర్బైన్ల హాల్లో నిలబడి చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. ఇక మనకు కాగితమే గతి. మొబైల్లో రెండు ముక్కలు పంపమంటావు గానీ రెండు ముక్కల్లో మాట్లాడటం నాకు చేతకాదని నీకు తెలుసు.

సంగతేమిటంటే, ఒక కరెంటు కంపెనీవాళ్లు కాగితం పంపారు. మూడేళ్లపాటు ఒకటే ధర, యూనిట్‌కు అర క్రోన్ చిల్లర. ఎండలు కాసినా మంచు కురిసినా అదే. ఆగస్టు ముప్ఫై ఒకటిలోగా సంతకం పెట్టి పంపాలట. ఇప్పుడు నాది అందరిలాగే మారే ధర, గంటకో రేటు. వేసవిలో నాకు బాధ లేదు. చలికాలం మాటే ఆలోచిస్తున్నాను. నిరుడు ఫైర్ ఆఫీసు వాళ్లు వచ్చి పొగగొట్టం పగిలిందని కట్టెల పొయ్యికి సీలు వేసి పోయారు కదా, ఇంట్లో వెచ్చదనమంటే ఇక గోడలకున్న కరెంటు హీటర్లే. వేళ్లు చల్లబడనివ్వొద్దని డాక్టరమ్మ ప్రతిసారీ చెబుతుంది. చల్లబడితే సూది పట్టుకోలేను.

పైగా బుధవారాలున్నాయి. పదకొండింటికి ఓస్లౌగ్, మర్గిత్, రాగ్నా ముగ్గురూ నా ముందుగదికే వస్తారు. అల్లికలు, కాఫీ, వాఫిల్ అట్లు, ఊళ్లోవాళ్ల కబుర్లు. వాళ్లందరికీ ఇదే కాగితం వచ్చింది. "మీ అన్నయ్య కరెంటు పుట్టేచోట బతికాడు, అడిగి చెప్పు" అని నా ప్రాణం తోడేస్తున్నారు. చెప్పు మరి. సంతకం పెట్టమంటావా, వద్దా?

నీ చెల్లి,
గున్వోర్


వల్లె,
4 ఆగస్టు 2021

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాను. డెబ్బై ఏళ్లొచ్చినా నీకు కంపెనీవాళ్ల రంగు కాగితం చూస్తే చెయ్యి దురద పోలేదు.

విను. స్థిర ధర అమ్మేవాడు నీ మీద ప్రేమతో అమ్మడు. నీ భయానికి వెల కట్టి, దానిమీద తన లాభం వేసుకుని, రిబ్బను చుట్టి నీకే అమ్ముతాడు. కొండమీద వాన పడుతుంది, మంచు కరుగుతుంది, డ్యామ్ నిండుతుంది, ధర పడిపోతుంది. ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు. పదేళ్లు కలిపి చూస్తే మారే ధరవాడే బాగుపడ్డాడు. ఇది నాకు పేపరు చెప్పలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఆ నీళ్లు నా చేతులకింద నుంచి పోయాయి.

మా కిరాణా కొట్టు తోర్లైవ్ సంగతి నీకు చెప్పానా? రెండేళ్ల కింద భయపడి స్థిర ధరకు సంతకం పెట్టాడు. మరుసటి ఏడు వానలు కుమ్మేశాయి, కరెంటు ఉచితంగా ఇచ్చినట్టే ఇచ్చారు. ఊళ్లో అందరూ కిటికీలు తెరుచుకుని హీటర్లు వేసుకుంటుంటే వాడు మాత్రం మూతి ముడుచుకుని పాత రేటు కట్టాడు. ఇప్పటికీ ఊరంతా వాణ్ణి "స్థిరధర తోర్లైవ్" అనే అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. కొట్లో అడుగు పెట్టగానే "ఏమయ్యా స్థిరధరా, రొట్టె రేటు కూడా మూడేళ్లకు బిగించావా" అంటాను. వాడికి ఒళ్లు మండుతుంది.

నీకూ ఆ పేరు కావాలా? ఆ కాగితంతో వాఫిల్ పెనం తుడుచుకో. నీ అమ్మలక్కలకు కూడా చెప్పు, స్వేనుంగ్ చెప్పాడని.

అన్నయ్య,
స్వేనుంగ్


లిల్లెసాన్,
16 ఆగస్టు 2021

అన్నయ్యా,

బుధవారం నీ ఉత్తరం పైకి చదివాను. నీ గొంతు పెట్టి మరీ చదివాను, చెయ్యి కూడా నీలాగే బల్లమీద కొట్టాను. రాగ్నా నవ్వీ నవ్వీ కాఫీ గౌను మీద పోసుకుంది. నేను నా కాగితం అక్కడే చింపాను. మర్గిత్ చింపింది, రాగ్నా చింపింది.

ఓస్లౌగ్ మాత్రం మడిచి సంచిలో పెట్టుకోబోయింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఒంటరిది, దేనికైనా రెండుసార్లు ఆలోచిస్తుంది. "ఎందుకు ఓస్లౌగ్, దాచుకుని పటం కట్టిస్తావా?" అన్నాను. అందరూ నవ్వారు. అప్పుడు తనూ చింపింది.

నాకు మనసు తేలికైంది. ఇంట్లో తెలిసినవాడు ఒకడుంటే ఎంత నిశ్చింత. మర్గిత్ అయితే "నాకూ ఇలాంటి అన్నయ్య ఉంటే బాగుండు" అంది. నీకు మరీ తల తిరక్కుండా అక్కడికి ఆపుతున్నాను.

గున్వోర్


వల్లె,
14 సెప్టెంబరు 2021

చెల్లాయ్,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. కొండమీంచి గొర్రెల్ని దించే పని ఉండింది. నాలుగు రోజులు పొగమంచులో తిరిగాం. రెండు పిల్లలు దొరకలేదు. నడుము పట్టేసింది.

ఈసారి కొండమీద క్లౌడ్‌బెర్రీ పళ్లు తక్కువ. ఒక సీసా పంపుతున్నాను. నువ్వే తిను, అందరికీ పంచకు.

అన్నట్టు, ఆ కరెంటు కంపెనీవాళ్లు గడువు పెంచారా? కొన్నిసార్లు పెంచుతారు. నీకు మళ్లీ కాగితమేదైనా వచ్చిందా? ఏం లేదు, ఊరికే అడిగాను. డ్యామ్‌లో నీళ్లు కాస్త తక్కువగానే ఉన్నాయి. వానలు పడతాయిలే.

వేళ్లు జాగ్రత్త.

స్వేనుంగ్


లిల్లెసాన్,
22 అక్టోబరు 2021

అన్నయ్యా,

బెర్రీలు అందాయి. నువ్వు వద్దంటావని ముందే తెలుసు కాబట్టి ముగ్గురికీ పంచాకే నీ ఉత్తరం చదివాను.

గడువు పెంచలేదు. పోయిన వారం మర్గిత్ వాళ్లకు ఫోన్ చేసి అడిగింది. ఇప్పుడు ఆ ధర లేదట, అసలు స్థిర ధరే అమ్మట్లేదట. "మీ అన్నయ్య ఏమన్నాడో ఇంకోసారి చదువు" అని మర్గిత్ అంటే మళ్లీ చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, అయితే ధైర్యం మాత్రం వచ్చింది.

నిజం చెప్పు. టీవీలో రోజూ డ్యామ్‌లు ఎంత శాతం నిండాయో చూపిస్తున్నారు. ధర ఇప్పటికే రెట్టింపు దాటింది. నువ్వు ఊరికే అడిగానన్నావు గానీ, ఊరికే అడిగే మనిషివి కాదు నువ్వు. ఏమైనా విన్నావా?

గున్వోర్


వల్లె,
9 నవంబరు 2021

చెల్లాయ్,

టీవీవాళ్లకు భయం అమ్మడమే పని. వాన మొదలైంది ఇక్కడ, వారం నుంచి ఆగకుండా పడుతోంది. కొత్త సంవత్సరం వచ్చేసరికి ధర దిగుతుంది. ఓపిక పట్టండి అందరూ.

మా పెరట్లో ఎండిన బర్చ్ కట్టెలు నలభై బస్తాలున్నాయి. లారీ అతనితో పది పంపనా? పొయ్యి వెలిగించుకుంటే కరెంటు జోలికే పోనక్కర్లేదు.

స్వేనుంగ్


లిల్లెసాన్,
10 డిసెంబరు 2021

అన్నయ్యా,

నా పొయ్యికి సీలు వేశారని జూలైలోనే రాశాను. కట్టెలు వద్దు.

క్రిస్మస్ పండక్కి నువ్వు రావద్దు. నాకు జలుబుగా ఉంది, కరోనా మళ్లీ పెరిగిందంటున్నారు, నీ వయసుకు మంచిది కాదు. ఏటా ఆనవాయితీగా చేసే ఏడు రకాల బిస్కెట్లు కూడా ఈసారి చెయ్యట్లేదు, రెండు చాలు. బుధవారాలు కొన్నాళ్లు ఆపాం. అందరికీ పనులున్నాయి.

కిటికీలో నక్షత్రం దీపం మాత్రం పెట్టాను. పెట్టకపోతే ఎదురింటివాళ్లు ఏమనుకుంటారో.

గున్వోర్


వల్లె,
15 డిసెంబరు 2021

చెల్లాయ్,

సరే. నువ్వన్నదే మంచిది. రోడ్డు కూడా బాగా లేదు, కొండ దిగువన మంచు గడ్డకట్టింది. నిన్నిక్కడికి రమ్మందామనుకున్నాను గానీ ఇల్లంతా చిందరవందరగా ఉంది, నీకు ఇబ్బంది. వచ్చే ఏడు చూద్దాం.

ఉప్పు మేకమాంసం ఒక పెట్టె పంపుతున్నాను. క్రిస్మస్ శుభాకాంక్షలు.

స్వేనుంగ్


లిల్లెసాన్,
23 జనవరి 2022

అన్నయ్యా,

డిసెంబరులో నీకు అబద్ధం రాశాను. నాకు జలుబు లేదు. నువ్వొచ్చి చూస్తావని సిగ్గేసింది.

నవంబరు నుంచి వంటగదిలోనే ఉంటున్నాను. ముందుగది తలుపు మూసి, కింద సందులో దుప్పటి కుక్కాను. మంచం లాక్కొచ్చి బల్లపక్కన వేసుకున్నాను. ఒక్క హీటరు, అదీ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. యూనిట్ రెండు క్రోన్లు దాటిన రోజులున్నాయి. ప్రభుత్వం సాయం చేస్తామంది, చేస్తోంది కూడా. అయినా బిల్లు కవరు చూస్తే చెయ్యి వెనక్కి పోతుంది. ఇంట్లో కోటు వేసుకుని కూర్చుని అల్లుతున్నాను, అదీ వేళ్లు సాగిన రోజున. బుధవారం ఎవర్నైనా రమ్మనాలంటే ఆ గది వెచ్చబెట్టాలి. రమ్మనలేను. పిలవలేకపోతున్నానని చెప్పడానికి కూడా మొహం చెల్లక "పనులున్నాయి" అన్నాను. వాళ్లూ అదే అన్నారు. నలుగురం ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకుని ఎవరిళ్లలో వాళ్లం ముడుచుకుని కూర్చున్నాం.

ఇదంతా రాసేదాన్ని కాదు. ఓస్లౌగ్ సంగతి చెప్పాలి. కొత్త సంవత్సరం తర్వాత నాలుగు రోజులు ఆమె ఇంటి కర్టెన్లు తెరుచుకోలేదు. మర్గిత్ వెళ్లి చూస్తే ఇల్లు మంచుగడ్డలా ఉంది. హీటర్లన్నీ ఆపేసి, మూడు స్వెటర్లు వేసుకుని పడుకుని ఉంది. న్యుమోనియా. అరెందాల్ ఆసుపత్రిలో ఉంది, రెండు వారాలైంది. బతుకుతుందంటున్నారు. ఇల్లు మాత్రం ఇక ఒంటరిగా నడపలేదట. కూతురు నాకు ఫోన్ చేసి "అమ్మ మీరు చెప్పారని ఆ కాగితం చింపేసిందట కదా" అంది. గొంతులో కోపం కూడా లేదు, అడిగింది అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె సంచిలో పెట్టుకోబోయిన కాగితాన్ని నవ్వి చింపించింది నేను.

నిన్నేమీ అనట్లేదు. వానలు ఎవరి చేతిలో ఉన్నాయి. నీకు తెలిసింది చెప్పావు, నువ్వు కూడా అదే పాటించావు. నువ్వూ ఆ కొండల్లో టోపీ పెట్టుకుని వంటింట్లో ముడుచుకుని కూర్చున్నావని తెలుసు నాకు. "ఇల్లు చిందరవందరగా ఉంది" అన్నప్పుడే అర్థమైంది. మొండివాడివి, కట్టెలు కూడా నాకు పంపుతానన్నావు గానీ నువ్వు కాల్చుకుంటున్నావో లేదో. పోయిన మా ఆయన పెదర్ ఉన్ని బనియన్లు రెండు పంపుతున్నాను. మందంగా ఉంటాయి, లోపల వేసుకో. నా మోకాళ్ల దుప్పటి కూడా పెట్టాను. నాకు ఇంకోటుంది.

చలికి ఒళ్లు పాడు చేసుకోకు అన్నయ్యా. నాకు మిగిలింది నువ్వొక్కడివే.

గున్వోర్


వల్లె,
6 ఫిబ్రవరి 2022

గున్వోర్,

నీ పార్సెలు మంగళవారం వచ్చింది. విప్పేటప్పుడు నేను చొక్కా చేతులు మడిచి కూర్చుని ఉన్నాను. ఇంట్లో ఇరవై రెండు డిగ్రీలుంది. మూడు గదుల్లోనూ హీటర్లు వెలుగుతున్నాయి. నీ దుప్పటి చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

నేను స్థిర ధరలో ఉన్నాను. ఆగస్టు ఇరవయ్యో తేదీ నుంచి. మూడేళ్లకు.

ఎలా జరిగిందో రాస్తాను. నీ ఉత్తరం, అందరూ చింపేశారని రాసింది, పద్దెనిమిదో తేదీన అందింది. మర్గిత్ అన్న మాట చదివి ఛాతీ విరుచుకుని, మర్నాడు ఆ సంతోషంలో డ్యామ్ మీదికి నడిచి వెళ్లాను. రిటైరయ్యాక ఏటా ఆగస్టులో వెళ్తాను, నీళ్లు చూడటానికి. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన ఒక వేసవి కొట్టం ఉంది, గొర్రెలవాళ్లది. దాని పునాది రాళ్లు నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూడలేదు. ఆరోజు బయటికొచ్చి ఉన్నాయి. ఒకటి కాదు, నాలుగు గోడలూ. గుమ్మం రాయి కూడా. బురద ఎండి పగిలింది. పేపర్లు ఇంకా ఏమీ రాయలేదప్పటికి. ఎవరూ చెప్పక్కర్లేదు నాకు, ఈ చలికాలం ఎలా ఉంటుందో అక్కడే అర్థమైంది. 

ఇంటికొచ్చి, నాకూ వచ్చిన ఆ కాగితాన్ని చెత్తబుట్టలోంచి తీసి, మడతలు సాపు చేసి సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున పోస్టు చేశాను.

నీకు రాయలేదు. గడువు ఇంకా పది రోజులుంది. రాయడానికి కూర్చున్నాను, ఒట్టు. రెండు ఉత్తరాలు రాశాను. "చెల్లాయ్, నేను పొరపాటు పడ్డాను, ఇంకో కాగితం తెప్పించుకుని సంతకం పెట్టు, అందరికీ చెప్పు" అని. ఒకటి పొయ్యిలో వేశాను. రెండోది కవరులో పెట్టి, స్టాంపు అంటించి, అదీ పొయ్యిలో వేశాను. నువ్వు నా గొంతు పెట్టి చదివి అందర్నీ నవ్వించావు. ఇప్పుడు ఈ ఉత్తరం కూడా చదువుతావు, అప్పుడు కూడా నవ్వుతారు, ఈసారి నన్ను చూసి. అంతే నా భయం. ఇంకేమీ లేదు. దానికి పెద్ద కారణం వెతికాను ఇన్నాళ్లూ, దొరకలేదు.

తోర్లైవ్ కొట్లో ఇప్పటికీ నాది మారే ధరే అని చెబుతున్నాను. ధరలు పెరిగాయని ఊళ్లోవాళ్లు తిడుతుంటే నేనూ పక్కన నిలబడి తిడుతున్నాను. తోర్లైవ్ ఒకరోజు జాలిపడి నాకు కాఫీ పొడి తగ్గింపు ధరకిచ్చాడు. తీసుకున్నాను.

ఇంకొకటి ఉంది, అది కూడా రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ప్రభుత్వ సాయం స్థిర ధరవాళ్లకు కూడా ఇస్తున్నారు. మార్కెట్ ధర చూసి ఇస్తారు, మనం కట్టేది చూసి కాదు. డిసెంబరు బిల్లులో నేను కట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. నువ్వు కోటు వేసుకుని కూర్చున్న నెలలో.

సెప్టెంబరులో "ఊరికే అడిగాను" అన్నానే, అది ఊరికే కాదు. గడువు పెంచి ఉంటే నా తప్పు బయటపడకుండానే నువ్వు ఒడ్డున పడతావని ఆశ. పండక్కి నిన్ను రమ్మననిది ఇల్లు చిందరవందరగా ఉండి కాదు. తలుపు తీయగానే వెచ్చగాలి నీ మొహానికి తగులుతుందని.

నీ బిల్లులన్నీ నేను కడతాను. పొగగొట్టం బాగు చేయిస్తాను. లేదంటే ఇక్కడికొచ్చెయ్, వేసవి దాకా ఉండు. ఓస్లౌగ్‌కు ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు. నువ్వు చెప్పు, చేస్తాను.

స్వేనుంగ్


లిల్లెసాన్,
2 మార్చి 2022

స్వేనుంగ్,

నీ ఉత్తరానికి వెంటనే రాస్తే ఏం రాసేదాన్నో నాకే భయమేసి మూడు వారాలు ఆగాను.

నువ్వు సంతకం పెట్టినందుకు నాకు కోపం లేదు. రాళ్లు చూశావు, భయపడ్డావు, పెట్టావు. ఎవరైనా పెడతారు. తప్పు సలహా ఇచ్చినందుకూ కోపం లేదు. ఆగస్టు నాలుగున నీకు తెలిసింది అంతే.

పది రోజులు. మీ ఊరికి టపా రోజు విడిచి రోజు వస్తుంది. పది రోజుల్లో ఐదుసార్లు పోస్టతను నీ గేటు ముందు ఆగాడు. టపా మీద నమ్మకం లేకపోతే కారుంది, మూడు గంటల దారి. మొబైల్లో రెండు ముక్కలు చాలు నీకు, ఎప్పుడూ అదే అంటావు కదా. "సంతకం పెట్టు." రెండే ముక్కలు.

నవ్వుతారని. నలుగురు ముసలమ్మలు వాఫిల్ తింటూ నవ్వుతారని.

డబ్బు పంపకు. పంపితే తిప్పి పంపుతాను. మీ ఇంటికీ రాను. ఆ వెచ్చదనంలో నాకు నిద్ర పట్టదు.

నీ ఉత్తరం ఆసుపత్రికి తీసుకెళ్లి ఓస్లౌగ్‌కు చదివి వినిపించాను. ఇల్లు అమ్మకానికి పెడుతున్నారు, ఇక కూతురి దగ్గరే ఉంటుంది. మొత్తం విని, "అయితే ఆయన చలికి ఇబ్బంది పడలేదన్నమాట" అంది. ఎత్తిపొడుపో, నిజంగా ఊరట పడిందో నాకు తెలియలేదు. అడగలేకపోయాను. అన్నయ్య నావాడు కదా.

ఏం చెయ్యాలో చెప్పమన్నావు. మార్చి పదహారు బుధవారం. పదకొండింటికి నా ముందుగదిలో మర్గిత్, రాగ్నా ఉంటారు, ఓస్లౌగ్ కూతురు వస్తానంది. హీటరు వెయ్యను, కోటుతో కూర్చుంటాం. వచ్చి, నిలబడి, నాకు రాసిందంతా వాళ్లకు నోటితో చెప్పు. నీకు వినపడదు కాబట్టి వాళ్ల జవాబులు కాగితం మీద రాసిస్తారు.

గున్వోర్


వల్లె,
21 మార్చి 2022

గున్వోర్,

మీరిచ్చిన కాగితాలు అక్కడ చదవలేకపోయాను. బల్లమీద వాఫిల్ పళ్లెం కనబడింది, నేను చెప్పింది ఎలా చెప్పానో మాత్రం గుర్తు లేదు. మీరు నలుగురూ కోట్లు వేసుకుని కూర్చుని, నోళ్ల ముందు ఊపిరి తెల్లగా కనబడుతూ, ఒక్కరూ నవ్వకుండా నన్నే చూస్తూ ఉన్నది గుర్తుంది. నవ్వి ఉంటే బాగుండేది. నేను భయపడింది దానికే, అది జరగనే లేదు.

ఇంటికొచ్చి చదివాను. రాగ్నా "వాఫిల్ ముట్టకుండా వెళ్లిపోయారు, అది కూడా పిరికితనమే" అని రాసింది. మర్గిత్ "మీలాంటి అన్నయ్య నాకుంటే బాగుండునని ఒకసారి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసింది. ఓస్లౌగ్ కూతురు పొడుగ్గా రాసింది. తల్లి ఇంట్లో ఏ సామాను ఎవరికి ఇస్తున్నారో రాసి, చివర "మీరు రావడం మంచిదైంది" అంది. అది చదివినప్పుడు ఏడ్చాను.

తోర్లైవ్‌కు కూడా చెప్పాను. కొట్లో నలుగురున్నప్పుడే చెప్పాను. వాడు నాకు ఏ పేరూ పెట్టలేదు. కాఫీ పొడికి ఈసారి పూర్తి ధర తీసుకున్నాడు.

నువ్వు ఇచ్చిన కాగితం ఖాళీగా ఉంది. వెనక్కి తిప్పి కూడా చూశాను. ఏదైనా రాయి. తిట్టినా సరే.

స్వేనుంగ్


లిల్లెసాన్,
5 సెప్టెంబరు 2022

అన్నయ్యా,

ఆరు నెలలుగా నీ ఉత్తరాలు వస్తున్నాయి, నేను జవాబివ్వలేదు. ఏప్రిల్లో ఒకటి, మేలో రెండు, తర్వాత లెక్క వదిలేశాను. అన్నీ చదివాను. ఆ రోజు ఖాళీ కాగితం ఇచ్చింది నిన్ను ఏడిపించడానికి కాదు. నాకు నిజంగా ఏమీ తోచలేదు. ఇప్పుడు తోచింది.

ఆగస్టులో ధరలు పోయిన చలికాలాన్ని కూడా మించిపోయాయి, నీకు తెలిసే ఉంటుంది. మళ్లీ కంపెనీవాళ్ల కాగితాలు వస్తున్నాయి. ఈసారి స్థిర ధర పోయినేటికి మూడు రెట్లు. ఇప్పుడు బిగించుకుంటే ఎల్లుండి ధర పడిపోయి బావురుమంటానేమో. వదిలేస్తే ఈ చలికాలమే నన్ను తినేస్తుందేమో. రెండు కాగితాలూ వంటింటి బల్లమీద పెట్టుకుని వారం చూశాను. నిన్ను అడగలేదు. మర్గిత్‌నీ అడగలేదు. ఎవరి గొంతూ పెట్టుకోకుండా నాకు నేనే ఆలోచించి ఒకటి ఎంచుకున్నాను.

ఏదో నీకు చెప్పను.

పోయిన చలికాలం నేనెలా ఉన్నానో నీకు తెలుసు. నేను రాయకముందే తెలుసు, ఆ రాళ్లు చూసినరోజే తెలుసు. తెలిసీ వెచ్చగా కూర్చున్నావు. నేను మాత్రం నువ్వు చలిలో ఉన్నావని దిగులుపడ్డాను. వంటింట్లో మంచం మీద కూర్చుని, అన్నయ్య తిన్నాడో లేదో, పొయ్యి వెలిగించుకున్నాడో లేదో అనుకుంటూ గడిపిన రోజులున్నాయి. ఆ దిగులంతా ఉత్తదని తెలిసినప్పుడు నాకెంత సిగ్గేసిందో నీకు రాయలేదు. చలికి వణికినందుకు కాదు సిగ్గు. నీకోసం బెంగపడినందుకు.

అందుకని ఈ చలికాలం నువ్వు బెంగపడు. నవంబరు వస్తుంది, నీ మూడు గదులూ వెచ్చగా ఉంటాయి, నీ ధర ఇంకా రెండేళ్లు మారదు. చెల్లెలి ముందుగదిలో హీటరు వెలుగుతోందో, తలుపు కింద దుప్పటి కుక్కి ఉందో నీకు తెలియదు. ఉత్తరంలో అడిగితే "బాగానే ఉన్నాను" అని రాస్తాను. ఉన్నా అదే రాస్తాను, లేకపోయినా అదే రాస్తాను. ఉత్తరంలో ఎవరైనా ఏదైనా రాయొచ్చని నీ దగ్గరే నేర్చుకున్నాను.

తెలుసుకోవాలని ఉంటే దారి ఉంది, మూడు గంటలే. వచ్చి తలుపు తట్టు. లోపలికొచ్చి గోడకున్న హీటరు మీద నీ చెయ్యి పెట్టి చూసుకో.

గున్వోర్